మార్కండి పిన్ని బండి

మొన్న ఆదివారం బడా బజార్‌లో చేపల వరస మొదట్లో, ఆమె ఎప్పుడూ బండి ఆపే చోట, ఎవరిదో ఆటో నిలబడి ఉంది. పక్కన పీతలమ్మే ఆవిడని అడిగాను, మార్కండి పిన్ని రాలేదా అని. ఆవిడ పీత కాళ్ళకి దారం చుడుతూ తలెత్తకుండానే చెప్పింది.

"పోనాది గదమ్మా. శుక్రోరం పోనాది. అంగిట్లో పుండు. నీకు తెల్దేటి?"

పుండు సంగతి తెలుసు. పోయిన సంగతి తెలీదు. ఏమీ కొనకుండా సంచీ మడత పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

ఆమె నాకు చుట్టం కాదు. ఒడిశాలోని ఈ బరంపురంలో మా గరాజుకి తెలుగువాళ్ళెవరైనా వస్తే రెండో మాటకే ఏదో ఒక వరస కలిసిపోతుంది. అలా ఆమె పిన్ని అయింది. బండి కాగితాల మీద ఆమె పేరు చాలాసార్లు చూశాను గానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా వినలేదు. సముద్రం ఒడ్డున మార్కండి ఊళ్ళో చేపల వేలంపాటలో సరుకు పాడుకుని బరంపురం తెచ్చి అమ్మే మనిషి కాబట్టి ఊరంతా మార్కండి పిన్ని అనే అనేవారు.

గరాజు మా అన్నయ్యది. ఇంజను పని, వైరింగు పని ఆయన చూస్తాడు. లాప్‌టాప్ తగిలించి చేసే పని నాది. బండికి ఎక్కడ జబ్బో చదవడం, లోపల కొత్త పరికరం ఏదైనా వేస్తే దానికి ఆ బండి వివరాలు ఎక్కించడం, తాళంచెవులు బండికి గుర్తు చేయించడం. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు తక్కువ. తమ బండి తామే నడుపుకుంటూ వచ్చేవాళ్ళు ఇంకా తక్కువ. అందుకే ఆమె వచ్చిన మొదటి రోజు గరాజులో అందరూ పని ఆపి చూశారు.

పొట్టి మనిషి. ముక్కుకి రెండు వైపులా పుడకలు. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ పైకి ఎత్తి దోపుకునేది. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. అడ్డపొగ అంటారు. మా నాయనమ్మ అలా కాల్చడం చూశాను గానీ, అంత పెద్ద బండి స్టీరింగు పట్టుకుని అడ్డపొగ కాల్చే మనిషిని ఆమెనొక్కర్తినే చూశాను. మాట్లాడాల్సి వచ్చినా చుట్ట తీసేది కాదు. నాలికతో ఒక బుగ్గకి నెట్టి, రెండో బుగ్గతో మాట్లాడేది. కోపమొస్తే ఒడియా, పని పడితే తెలుగు. ఒప్పుకున్నప్పుడు మాత్రం 'హఉ' అనేది, సరే అని ఒడియాలో. ఆ ఒక్క మాట ఆమె నోటినుంచి రప్పించడానికి మా అన్నయ్యకి ఏడాది పైన పట్టింది.

గరాజులో కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. పాత టైరు ఒకటి దొర్లించుకొచ్చి దాని మీద కూర్చునేది. వచ్చినప్పుడల్లా కోనాం చేప ముక్కో, గుప్పెడు రొయ్యలో ఆకులో కట్టి నా ముందు పడేసేది. "బాగు సెయ్యడం వొచ్చేటి నీకు? రాపోతే ఇచ్చీ, పట్టుకుపోతాను." ఇచ్చే పద్ధతి అది.

మొదటిసారి ఆ జీపులాంటి బండి హారన్ మోగుతూనే లోపలికొచ్చింది. ఎర్రటి ఎండలో వైపర్లు ఆడుతున్నాయి. ఆమె దిగి బానెట్ మీద అరచేత్తో ఒకటేసి, "ఊరుకోవే, వొచ్చీసినాం గదా" అంది, ఆవుని అదిలించినట్టు. అవతలి తలుపు తీసుకుని ఒక అమ్మాయి దిగింది. ఇరవై రెండో మూడో ఉంటాయి. నుదుట పెద్ద బొట్టు, తలలో పూలు, రెండు చేతులకీ ముంజేయి నిండా ఆకుపచ్చ గాజు గాజులు. పిన్ని కోడలు.

అన్నయ్య బ్యాటరీ తీగ తీశాక హారన్ ఆగింది. స్టీరింగు కింద చూడాలి కాబట్టి డ్రైవర్ సీటు వీపుకున్న దిండు తీసి వెనక్కి పడేసి, సీటు పూర్తిగా వెనక్కి నెట్టాడు.

"ఆ సీటు ఎవుడు జరపమన్నాడు నిన్ను?"

ఆ గొంతుకి అన్నయ్య తల బయటికి పెట్టాడు. "జరపకపోతే నేనెలా దూరతాను పిన్నీ? అయినా నువ్వింత పొట్టిదానివి, ఈ సీటు ఎక్కడో ఉంది. ముందుకి లాక్కుంటే ఆ దిండుతో పనే ఉండదు కదా."

పని అయ్యాక ఆమె సీటు మళ్ళీ ఉన్నచోటికే తెప్పించింది. ఒక గాటు ముందుకి, కాదు, వెనక్కి, కాదు, అంటూ అన్నయ్యని చాలాసేపు తిప్పలు పెట్టింది. చివరికి దిండు పెట్టుకుని కూర్చుని, పెడల్‌కి కాలు చాపి చూసుకుని, ఊరుకుంది. అది సరైన చోటని ఆమె మొహంలో కనిపించలేదు.

జబ్బు ఎక్కడుందో తొందరగానే దొరికింది. స్టీరింగు కింద అరచెయ్యంత డబ్బా ఒకటి ఉంటుంది. బాడీ కంట్రోల్ మాడ్యూల్ అంటారు, గరాజుల్లో బీసీఎం. లైట్లు, వైపర్లు, హారన్, తలుపుల తాళాలు అన్నీ దాని మాటే వింటాయి. ఆ బండిలో అయితే ఏ తాళం తిప్పితే ఇంజను కదలాలో కూడా ఆ డబ్బాకే గుర్తుంటుంది. అన్నయ్య దాన్ని విప్పి ఆమెకి చూపించాడు. లోపల రాగి గీతల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది.

"ఉప్పునీళ్ళు పోయాయి పిన్నీ. బండి ఎక్కడైనా మునిగిందా?"

"మునగనేదు. తుపానప్పుడు ఒడ్డు మీదుంది. నీలు లోపలికొచ్చినాయి."

"తుఫాను వస్తుంటే ఒడ్డు మీద ఎందుకుంచారు?"

ఆమె చుట్టని ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మార్చుకుంది, అంతే.

అన్నయ్య చెప్పాడు. ప్రస్తుతానికి కడిగి ఆరబెట్టి ఇస్తాను, కొన్నాళ్ళు నడుస్తుంది, కానీ దీన్ని మార్చాల్సిందే. హారన్ మోగితే చెవులే పోతాయి, నడుస్తుంటే లైట్లు ఆరిపోతే మనుషులే పోతారు. మారుద్దామంటే నా పని ఉంటుంది కాబట్టి నేనూ చెప్పాను. వచ్చేటప్పుడు రెండు తాళాలూ తేవాలి, కొత్త డబ్బా ఆ రోజు చూపించిన తాళాలనే గుర్తుపెట్టుకుంటుంది, చూపించనిది ఇక పనిచెయ్యదు.

"రెండోది మా ఓడి కాడుంది."

"ఆయన ఎక్కడున్నారు?"

"ఏటకెల్లాడు."

వేట అంటే వాళ్ళకి సముద్రం మీద చేపల వేటే. "అయితే ఆయన వచ్చాకే చేద్దాం. ఎప్పుడొస్తారు?"

"సెప్పలేం."

కోడలు నేల చూపులు చూస్తూ నిలబడింది. కాసేపటికి పిన్నికేదో ఫోనొచ్చి, గేటు దాకా నడుస్తూ ఒడియాలో ఎవరినో తిడుతుంటే, ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పింది.

"ఎల్లి రెండేల్లయింది అక్కా."

బండి పిన్ని కొడుకు కొన్నది. మద్రాసు హార్బర్లో ట్రాలర్ల మీద పనిచేసి వచ్చి, పెళ్ళిళ్ళకి తిప్పుకోవచ్చు, అమ్మ సరుకూ వేసుకోవచ్చు అని పాతబండి తీసుకున్నాడు. సముద్రం మీదికి ఇక వెళ్ళనన్నాడు. ఒకరోజు బోటుకి ఒక మనిషి తక్కువైతే, ఈ ఒక్కసారికీ అని ఎక్కాడు. బండిని ఇసక మీద నిలబెట్టి, తాళం ప్లాస్టిక్ కాయితంలో చుట్టి మొలతాడుకి కట్టుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు దగ్గర అలల్లో బోటు తిరగబడింది. అయిదుగురిలో ముగ్గురు ఈదుకొచ్చారు. ఒకడి శవం పొడంపేట వైపు తేలింది. ఇతను తేలలేదు.

ఇంట్లో ఇంకో తాళం ఉంది. అయినా ఆ బండిని ఒడ్డు మీంచి ఎవర్నీ కదపనివ్వలేదు పిన్ని. వొచ్చి తీసుకుంటాడు అంది. వానలొచ్చాయి, తుఫానొచ్చింది, సముద్రం బండిలోకి వచ్చింది. అప్పుడు ఊళ్ళో మగాళ్ళు ఆమె మాట వినకుండా తాళ్ళు కట్టి లాగి ఇంటి ముందు పెట్టారు. ఆ తర్వాత ఆమె ఒక ఆటో డ్రైవరుని పట్టుకుని, సరుగుడు తోటల వెనక ఇసక దారిలో బండి నడపడం నేర్చుకుంది. యాభై దాటిన వయసులో. వేరే మగాడు ఆ సీట్లో కూర్చోవడం ఆమెకి ఇష్టం లేదు. ఆ సీటు కొడుకు తన కాళ్ళకి సరిపడా పెట్టుకున్న చోటే ఉండాలి.

"మరి నువ్వు?" అన్నాను ఆ అమ్మాయిని చూస్తూ. ఆ బొట్టూ పూలూ నాకు అప్పుడు వేరేగా కనిపించాయి.

"నెలనెలా బడా బజార్‌లో గాజులేయిత్తాది. పాతవి కొన్ని పగిలితే ఊరుకోదు. మా నాన్నొచ్చినాడు తీసుకెల్తానని. ఇచ్చాపురం కాడ ఒక సంబందం ఉందన్నాడు. మొగుడున్న పిల్లకి సంబందమేటని తిట్టి పంపీసింది."

తిట్టింది ఒడియాలోనట. ఆ తండ్రికి ఒడియా పెద్దగా రాదు. అయినా అంతా అర్థమై, తెచ్చిన బియ్యం సంచీ అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడట.

ఆ తర్వాత ఆమె తరచూ వచ్చేది. ఒకసారి లోపలి దీపం ఆరదు. ఒకసారి వెనక వైపరు ఆగదు. అన్నయ్య డబ్బా విప్పి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించి, మార్చాలి పిన్నీ అనేవాడు. ఆమె టైరు మీద కూర్చుని, సూద్దాంలే అనేది.

ఒక మధ్యాహ్నం ముగ్గురం నిలబడి మాట్లాడుతున్నాం. బండిలో ఎవరూ లేరు. తాళం నా చేతిలో ఉంది, నేను నొక్కలేదు. నాలుగు తలుపుల తాళాలూ ఒక్కసారి టక్కున తెరుచుకున్నాయి. మూసుకున్నాయి. మళ్ళీ తెరుచుకున్నాయి. పిన్ని మాట ఆపేసి నోట్లోంచి చుట్ట తీసింది. మాట్లాడటానికి ఆమె చుట్ట తియ్యడం అదొక్కసారే చూశాను.

"అదిగో. ఇంటికాడ కూడా ఇలాగే. మజ్జానం పూట. ఎవుడో నొక్కుతన్నట్టు."

"చిలుము పిన్నీ. కరెంటు దారి తప్పి పక్క తీగలోకి పోతుంది. అందుకే అలా."

"తుప్పు పడితే తలుపు మూసుకుపోవాల. ఇది తెరుసుకుంటంది."

కొడుకు దగ్గరున్న తాళమైనా పది గజాల లోపైతేనే పనిచేస్తుందని చెప్పబోయాను. నన్ను మధ్యలోనే ఆపింది.

"నాకు తెల్దేటే? సముద్రంలో పడిన తాళం పనిసేత్తాదా? నాకు తెల్దా?" చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. "తెలిసినా, ఆ డబ్బా మార్సీత్తే ఆడి తాళం ఇంక సెల్లదు గదా. ఉండనీ."

అన్నయ్యకి ఆ రోజు ఓపిక పోయింది. "నీ కొడుకు తాళం సంగతి సరే పిన్నీ. నీ పక్కన కూర్చుని తిరిగే పిల్ల సంగతేంటి?" అన్నాడు. ఆమె లేచి నిలబడి ఆయన్ని ఒడియాలో తిట్టిన తిట్లు నేను రాయలేను. బండి ఎక్కి వెళ్ళిపోయింది. చాలా రోజులు రాలేదు.

తర్వాత ఆ బండి మా దగ్గరికి ఇంకో బండి లాక్కొస్తే వచ్చింది.

పొడంపేటలో రొయ్యలు కొనుక్కుని అత్తాకోడళ్ళిద్దరూ తిరిగొస్తున్నారు. మునిమాపు వేళ, గట్టి వాన. రుషికుల్య నది వంతెన దిగాక లైట్లూ వైపర్లూ ఒక్కసారే ఆగిపోయాయి. రోడ్డు ఎడమ పక్కన టైరు పంక్చరై ఆగి ఉన్న లారీ ఆఖరి క్షణంలో కనిపించింది. పిన్ని కుడికి తిప్పింది. బండి కుడి సగం తప్పించుకుంది. ఎడమ సగం లారీకి కొట్టుకుంది. కోడలు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పిన్నికి గీత కూడా పడలేదు. ఆ అమ్మాయి ఎడమ మణికట్టు దగ్గర లోతుగా తెగి నరాలు పోయాయి. లోపల దిగిన గాజు పెంకులు కిటికీ అద్దానివో, చేతి గాజులవో డాక్టర్లకే తెలీలేదు. రెండూ ఉండొచ్చన్నారు. బండిలో ఐసు డబ్బాలు పగిలి రొయ్యలన్నీ సీట్ల కిందికి పోయి కుళ్ళిపోయాయి. అన్నయ్య ఎన్నిసార్లు కడిగినా ఆ కంపు పోలేదు.

పెద్దాసుపత్రికి చూడ్డానికి వెళ్ళాను. ఆ అమ్మాయి ఎడమ చెయ్యి మోచేతి దాకా కట్టుతో ఉంది. కుడి చేతికి గాజులు అలాగే ఉన్నాయి. పిన్ని మంచం పక్కన కింద కూర్చుని ఉంది. అక్కడ చుట్ట కాల్చనివ్వరు కాబట్టి నోరు ఖాళీగా ఉంది. చుట్ట లేని ఆ మొహం నాకు వేరే మనిషిదిలా అనిపించింది. నేను కోడల్ని పలకరించి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాను. పిన్ని నా వైపు చూడకుండా అంది.

"మార్సీండి."

"ఏది పిన్నీ?"

"ఆ డబ్బా. మార్సీమను మీ అన్నని." కాస్త ఆగి, ఎవరో అడిగితే బదులిచ్చినట్టు, "హఉ" అంది.

తలుపూ అద్దమూ రేకు పనీ అయ్యాక, భువనేశ్వర్ నుంచి కొత్త డబ్బా తెప్పించాం. బిగించే రోజు పిన్ని ఆటోలో ఒక్కర్తే వచ్చింది. చేతిలో ఒక్క తాళం. అన్నయ్య బ్యాటరీ తీగ విప్పి, స్టీరింగు కింద మూత తీసి, పాతదాన్ని ఊడదీసి కొత్తది బిగించాడు. ఎడమ సీట్లో కూర్చుని లాప్‌టాప్ తగిలించాను. బండి నంబరు ఎక్కించాను. ముందు ఏ లైట్లున్నాయి, వెనక వైపరుందా లేదా, ఒక్కొక్కటే చెప్పాను. ఆ తర్వాత తాళాల వంతు. ఆమె తాళం పెట్టి తిప్పితే, స్టీరింగు ముందు చిన్న ఎర్ర దీపం కాసేపు వెలిగి ఆరింది. ఆ తాళాన్ని గుర్తుపెట్టుకుంది. తెర మీద తర్వాతి ప్రశ్న వచ్చింది.

పిన్ని కిటికీ దగ్గర నిలబడి ఉంది. చదువు రాదు, అయినా తెరనే చూస్తోంది.

"ఏటంటంది?"

"ఇంకో తాళం ఉందా అని అడుగుతోంది పిన్నీ."

"నువ్వేటి సెప్తావు?"

"ఇక్కడ లేదు కాబట్టి లేదనే చెప్పాలి. చెప్తే ఆ రెండోది ఇక పనిచెయ్యదు. చెప్పమంటావా?"

గేటు ముందు నుంచి బస్సు ఒకటి పోయింది. ఆ దుమ్ము సర్దుకున్నాక పిన్ని అంది.

"లేదని సెప్పీ."

నొక్కాను. తెర మీద ఒక గీత నిండుతూ పోయి, అయిపోయింది అని చూపించింది. నేను కేబుల్ తీస్తుంటే ఆమె అడిగింది.

"ఇప్పుడు ఆడొచ్చి తాళం పెడితే?"

స్టీరింగు కింద పడుకుని ఉన్న అన్నయ్య సమాధానం చెప్పాడు. "ఇంజను స్టార్టవదు పిన్నీ. తలుపు మాత్రం చేత్తో పెట్టి తిప్పితే వస్తుంది. అది ఉత్త ఇనుప తాళం. దానికి ఈ డబ్బాతో పని లేదు."

"తలుపు తెరుసుకుంటాదా?"

"తెరుచుకుంటుంది."

"అయితే లోపల కూకుంటాడులే. నానొచ్చి ఇంజను తీత్తాను."

అన్నయ్య కింద నుంచి వెంటనే లేవలేదు. బిగించేసిన మరనే మళ్ళీ బిగిస్తున్న చప్పుడు వినిపించింది.

లైట్లు, వైపర్లు, హారన్, తాళాలు ఒక్కొక్కటే నొక్కి చూపించాం. అన్నీ చెప్పిన మాట విన్నాయి. పాత డబ్బా కావాలా అని అన్నయ్య చేతికివ్వబోతే, నాకెందుకు అంది. దిండు సర్దుకుని, కాళ్ళు చాపి, అందీ అందని పెడల్ తొక్కుకుంటూ వెళ్ళింది.

కొన్నాళ్ళకి నాకు ఫోన్ చేసింది.

"బండి పలకటం నేదే."

"ఏమైంది పిన్నీ? తాళం తిప్పితే స్టార్టవడం లేదా?"

"అవుతంది. అన్నీ అవుతన్నాయి. మజ్జానం పూట పలకటం నేదు." ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత గరాజుకి రావాల్సిన పని పెద్దగా పడలేదు. బడా బజార్‌లో కనిపించేది. మొదట మాట ముద్దగా వస్తోందనిపించింది. అడిగితే, సుట్ట కాలింది లోపల, తగ్గిపోద్ది అంది. వానాకాలం వెళ్ళేసరికి పైట చెంగు మూతికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఆఖరిసారి చూసినప్పుడు అసలు మాట్లాడలేదు. బేరానికి వేళ్ళు చూపిస్తోంది. పక్కన కోడలు నిలబడి ఆ వేళ్ళని మాటల్లో చెబుతోంది. ఆ అమ్మాయి ఎడమ చెయ్యి నడుముకి ఆనించుకుని ఉంది. రెండు వేళ్ళు బిగుసుకుపోయి మడతపడవు. ఆ రోజు పిన్ని నా సంచీలో గుప్పెడు రొయ్యలు వేసి, వెళ్ళు అన్నట్టు చెయ్యూపింది.

పోయిందని తెలిసిన మర్నాడు అన్నయ్యా నేనూ మార్కండి వెళ్ళాం. ఇల్లు ఒడ్డుకి దగ్గర్లోనే. అరుగు మీద ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు. గోడకి ఆనించిన కుర్చీలో పిన్ని ఫొటో, దండ. కొడుకు ఫొటో ఎక్కడా కనిపించలేదు. బండి పక్కగా రేకుల కింద ఉంది. ఆమె మంచం పట్టాక ఎవరూ తియ్యలేదన్నారు.

కోడలు వచ్చి మా దగ్గర కూర్చుంది. బొట్టు ఉంది. కుడి చేతికి గాజులున్నాయి. అన్నయ్య అడిగాడు, ఆఖర్న ఏమైనా అందా అని.

"ఆఖర్న ఏటంటాది అన్నా, నోరే నేదు గదా. నోరు పోకముందు ఒక మాటంది. మీ నాన్నని రమ్మను, ఎల్లిపో, ఎవున్ని సేసుకుంటావో సేసుకో అంది."

"మరి వెళ్ళలేదా?" అన్నాను.

ఆ అమ్మాయి ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని కుడి చేత్తో ఆ రెండు వేళ్ళనీ మడవడానికి చూసింది. అలవాటుగా చేస్తున్నట్టుంది.

"సెయ్యి బాగున్నప్పుడు ఎల్లనియ్యనేదు అక్కా. సెయ్యి పోనాక ఎల్లమంది. ఆ సంబందం ఓడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు."

చావు జరిగిన ఇంట్లో అడగాల్సిన మాట కాదు గానీ అడిగేశాను. "ఆవిడ మీద కోపముందా?"

"ఉంది." ఆలోచించి చెప్పలేదు. "గంజి పోసినప్పుడూ ఉంది, ఒల్లు తుడిసినప్పుడూ ఉంది. ఒల్లు ఇంత సన్నమైపోనాది. సిన్నపిల్లని ఎత్తినట్టు ఒంటి సేత్తో ఎత్తీవోదాన్ని. అప్పుడు కూడా ఉంది. ఇంకెవులున్నారు ఆవిడికి?"

ఏడవలేదు. కాసేపటికి ఒడ్డు వైపు నుంచి ఎవరో కేకేశారు, బోట్లొచ్చాయని. ఆ అమ్మాయి లేచి కొంగు నడుముకి దోపుకుంది. అరుగు మీద ముసలమ్మ ఒకావిడ, మైలలో ఎల్తావేటే, ఈ పది రోజులూ మానీ అంది.

"మానీత్తే నా సోట్లో ఇంకొకలు పాడుకుంటారు. మల్లీ రానిత్తారా?" అంటూనే మెట్లు దిగింది.

మేం కూడా వెనక నడిచాం. ఇసక మీద రొయ్యల కుప్ప చుట్టూ జనం. వేలం మొదలైంది. మొదట ఆ అమ్మాయి గొంతు వినపడలేదు. వెనక నుంచి నెట్టుకుంటూ ముందుకెళ్ళి, ఎడమ చెయ్యి నడుముకి ఆనించుకుని, కుడి చెయ్యి పైకెత్తి పాడింది. ఒకతను ఆమెని చూసి పాట పెంచడం ఆపేశాడు. జాలిపడ్డాడో, ఆ ధరకి వద్దనుకున్నాడో తెలీదు. సరుకు ఆమెకి వచ్చింది.

డబ్బాలో ఐసు పరుస్తూ అన్నయ్యని అడిగింది.

"ఈ సేత్తో గేరు పడతాదా అన్నా? రోజూ ఆటో వోలని బతిమాలలేను. బండి నాను నేర్సుకుంటాను."

అన్నయ్య ఆమె ముందు గొంతుకు కూర్చుని తన రెండు వేళ్ళు చాపాడు. "పట్టుకో అమ్మా. ఎంత గట్టిగా పట్టగలవో పట్టు."

ఎడమ చేత్తో పట్టుకుంది. మెడ నరాలు ఉబ్బేదాకా బిగించింది. అన్నయ్య వేళ్ళు వెనక్కి లాక్కుంటే తేలిగ్గా వచ్చేశాయి.

"పడదమ్మా," అన్నాడు. "గేర్లు మార్చక్కర్లేని బండ్లుంటాయి. అదైతే నడపగలవు. కానీ దీన్ని అమ్మేసి తీసుకోవాలి."

ఆ అమ్మాయి ఇంటి వైపు చూసింది. అక్కడి నుంచి రేకుల అంచూ, దాని కింద బండి వెనక అద్దమూ కనిపిస్తున్నాయి.

"అమ్మీండి," అంది. తర్వాత వంగి, కుడి చేత్తో రొయ్యల మీద ఐసు పోసుకుంటూ పోయింది.